నాలుగు ఓడలు పన్నెండైన రోజు

రిటైరైన వాళ్ళు కనిపిస్తే మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఒకటే అడుగుతారు, మీరు చేసినవాటిలో గొప్ప పని ఏదండీ అని. నన్ను అడిగిన వాళ్ళకి నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. మొదట వాళ్ళ ముఖం చిన్నబోతుంది. ఈవిడ దగ్గర గొప్పలేమీ లేవు కాబోలు అనుకుంటారు. అయినా చివరిదాకా వింటారు. తప్పుల కథకి ఆ గుణం ఉంది.

నేను పుట్టిందీ పెరిగిందీ విశాఖపట్నంలోనే. మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవారు. తొంభైలలో ఎలక్ట్రానిక్స్ చదువు ముగించి ఒక చిన్న ప్రయోగశాలలో చేరాను. మధురవాడ ఇప్పుడున్నట్టు ఉండేది కాదు. ఈ అద్దాల భవనాలు లేవు, క్యాబులు లేవు. మా ల్యాబు గేటు ముందు బస్సు దిగితే ఎర్రమట్టి, జీడిచెట్లు, దూరంగా కొండలు. లోపల మేం ఇరవైమందిమి కూడా ఉండేవాళ్ళం కాదు. ఈ కథ జరిగేనాటికి కొత్త శతాబ్దం వచ్చి కొన్నేళ్ళు అయింది, నాకు ముప్ఫై ఆరో ముప్ఫై ఏడో.

అప్పుడు మాకున్న పని, మనిషి లేకుండా ఎగిరే చిన్న విమానానికి రాడార్ కన్ను పెట్టడం. చిన్నదంటే నిజంగా చిన్నదే. రెండు నులక మంచాలు వరసగా వేస్తే ఎంత పొడవో, దాని రెక్కలు అంతే. ఇంజిను మోపెడ్ ఇంజినులాంటిది, శబ్దం కూడా అలాగే ఉండేది.

కెమెరాకు మబ్బు అడ్డం, వాన అడ్డం. రాడార్‌కు ఆ బాధ లేదు. రేడియో తరంగాలు విసిరి, తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్ని వింటుంది. అయితే చిన్న రాడార్‌కు ఒక్కచోట నుంచి విన్నది చాలదు. విమానం ముందుకు పోతున్నప్పుడు వందలచోట్ల నుంచి విన్న ప్రతిధ్వనుల్ని వరస తప్పకుండా పేర్చి కలిపితే, అప్పుడు బొమ్మ తేలుతుంది. విన్నదంతా కిందికి పంపేంత గట్టి రేడియో ఆ బుల్లి విమానంలో పట్టదు. అందుకని ఆ పేర్చడం, కలపడం గాల్లోనే, అప్పటికప్పుడే జరిగిపోవాలి. తయారైన బొమ్మ మాత్రమే కిందికి వస్తుంది. ఆ పని చేసే బోర్డు, రెండు అరచేతులంత ఉండేది, నాది. దానికి కావలసిన లెక్కలు వేరొకరివి.

ఆ వేరొకరు మా లెక్కల ఇంజినీరు. పాతికేళ్ళు దాటినవాడు. దువ్వాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. తక్కువ మాట్లాడేవాడు. బస్సులో నిలబడి టికెట్ వెనక లెక్కలు వేసుకునేవాడని మేం నవ్వుకునేవాళ్ళం.

మూడోవాడు మా వైరింగు మేస్త్రి. జాలారిపేట మనిషి. తాత ముత్తాతలందరిదీ చేపల వేటే, అన్నదమ్ములు ఇప్పటికీ సముద్రం మీదే. ఈయన ఒక్కడు ఐటీఐ చదివి మా దగ్గర చేరాడు. వెంట్రుక మందం తీగని కూడా చెయ్యి వణక్కుండా అతికేవాడు. ల్యాబులో మగవాళ్ళంతా ఆయన్ని బావ అని పిలిచేవాళ్ళు. నేను ఆ మాట అనలేను కదా, అన్నా అనేదాన్ని. మా అందరి పైన పెద్దసారు. కోపం వస్తే గొంతు పెరగదు, కళ్ళజోడు తుడుచుకుంటారు. జోడు తుడుస్తున్నారంటే మేం సర్దుకుని కూర్చునేవాళ్ళం.

నా బోర్డుకు గుండెకాయ ఒక గడియారం. ముళ్ళుండే గడియారం కాదు, గోరంత డబ్బాలో చిన్న స్ఫటికం. పాటకి తాళం వేసినట్టు అది కొట్టుకుంటుంటే, దాన్ని బట్టే రాడార్ అరవడం, వినడం, బోర్డు లెక్కపెట్టడం అన్నీ జరుగుతాయి. రెండు రకాలు దొరికాయి. ఒకటి పెద్దది, బరువైనది. ఇంకోటి తేలికైనది. విమానంలో ఎంత బరువు తగ్గితే అంత మేలని రోజూ చెబుతుండేవారు. తేలికైనదే ఎంచుకున్నాను. బల్ల మీద పెట్టి పరీక్షిస్తే బంగారంలా పనిచేసింది.

ఎగిరే వస్తువు ఏదైనా వణుకు బల్ల మీద బిగించి గంటసేపు కుదిపి చూడాలి. అది నియమం. ఆ రోజు బల్ల మాకు దొరికిందే మధ్యాహ్నం తర్వాత. మర్నాడు బోర్డు విమానంలోకి ఎక్కాలి. నేనూ మేస్త్రీ బిగించాం.

"అమ్మా, కరెంటిచ్చి ఊపుదుమా ఓ పాలి?" అన్నాడు.

కరెంటు ఇవ్వాలంటే తీగలు లాగాలి, కంప్యూటరు తెచ్చి పెట్టాలి, అవన్నీ ఊడిపోకుండా కట్టాలి. అదో పూట పని. "ఇది విరుగుతుందా లేదా చూడ్డానికే అన్నా. కుదిపాక కరెంటిచ్చి చూద్దాం, పనిచేస్తే చాలు," అన్నాను.

కుదిపాం. ఒక్క స్క్రూ కూడా వదులు కాలేదు. తర్వాత కరెంటిస్తే చక్కగా పనిచేసింది. ఫారం మీద "వణుకు పరీక్ష: పాస్" అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధమేమీ లేదు. వణుకుతూ ఉండగా పనిచేస్తుందా అని మాత్రం నేను చూడలేదు.

ఎగరడానికి మాకు అప్పికొండ వైపు, సముద్రపు ఒడ్డున కొంత చదును నేల ఇచ్చారు. స్టీలు ప్లాంటు గొట్టాలు వెనకాల కనిపించేవి. ఎదురుగా, పోర్టులోకి పిలుపు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలు. రాడార్‌కు అంతకంటే మంచి గురి దొరకదు. నీళ్ళు నల్లగా, ఇనుము తెల్లగా కనిపించాలి.

మొదటి ప్రదర్శనకు ఢిల్లీ నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. టెంటు కింద కుర్చీలు, మధ్యలో మా తెర. విమానం గిర్రుమంటూ లేచి సముద్రం మీదికి వెళ్ళింది. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగడం మొదలైంది. మొదటి ఓడ తెల్లగా తేలగానే కుర్చీలోంచి సగం లేచాను. ఆ వెంటనే దానికి ఇటు ఒకటి, అటు ఒకటి, అదే ఆకారంలో పాలిపోయిన ఓడలు రెండు తేలాయి. రెండో ఓడకూ అంతే. మూడో దానికీ, నాలుగో దానికీ అంతే.

వచ్చినవారిలో పెద్దాయన లేచి టెంటు బయటికి నడిచి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం చూసి వచ్చారు. "నాకు నాలుగే కనిపిస్తున్నాయి. మీ యంత్రానికి పన్నెండు కనిపిస్తున్నాయి. నా కళ్ళు పరీక్ష చేయించుకోమంటారా?" అన్నారు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

ఆ మర్నాడు మీటింగు. లేని ఓడలు ఎక్కడ నుంచి వచ్చాయి? మా మాటల్లో వాటికి దెయ్యాలని పేరొచ్చేసింది. పేర్చి కలపడంలో లెక్క తప్పితేనే ఇలాంటివి పుడతాయని ఒకరన్నారు. అందరి కళ్ళూ లెక్కల ఇంజినీరు వైపు తిరిగాయి. అతను, "లెక్క నాలుగుసార్లు చూశాను సార్. బోర్డులో ఏదైనా..." అని ఆగాడు.

పెద్దసారు నావైపు చూశారు.

"బోర్డు పరీక్షలన్నీ పాసయ్యాయి సార్," అన్నాను.

ఈ ఒక్క వాక్యం నేను ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నాను. గొంతులో తడబాటు లేదు. ఫైలు చేతిలో ఉంది, సంతకం ఉంది. ఆ రోజు నా మాట నేను నమ్మాను కూడా. కానీ అతను ఎందుకు ఆ మాట అంటున్నాడో ఒక్క నిమిషం ఆలోచించలేదు. నా పని మీదికి రాకుండా గుమ్మం మూసేశాను, అంతే.

రెండు నెలలు గడిచాయి. అతను లెక్కలు మొదటి నుంచి తిరగరాశాడు. ఎగరేశాం. దెయ్యాలు వచ్చాయి. ఇంకో పద్ధతిలో రాశాడు. మళ్ళీ వచ్చాయి. క్యారేజీ విప్పడం మానేశాడు. మనిషి చిక్కిపోయాడు. క్యాంటీన్లో అతని బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు తగ్గారు. ఓడిపోయే మనిషి పక్కన కూర్చుంటే అదేదో అంటుకుంటుందన్నట్టు ఉండేది మా తీరు. నా తీరు కూడా. చివరికి పెద్దసారు ఒక నిర్ణయానికి వచ్చారు. లెక్కల పని బయట మరో సంస్థకి ఇవ్వడం, ఇతన్ని స్టోర్సు రికార్డులకి మార్చడం. సోమవారం ఉత్తర్వు మీద సంతకం.

శుక్రవారం పొద్దున్న మేస్త్రి నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో మా పాత బొమ్మల అచ్చులు. వాటిని బల్ల మీద పరిచాడు.

"అమ్మా, ఇయి సూడండి. దెయ్యాలు అన్నిట్లోనూ ఒకేలా నేవు."

"ఎలా లేవు?"

"దీంట్లో ఓడకి దగ్గరగా ఉన్నాయి. దీంట్లో దూరంగా ఉన్నాయి. అవునా? ఇది తీసినప్పుడు నాను ఒడ్డునే నిలబడ్డాను. ఇమానం పైకెక్కతంది, ఇంజిను గట్టిగా అరుత్తంది. ఇదేమో దిగేటప్పటిది, ఇంజిను మెల్లగుంది." వేలు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి జరిపాడు. "ఇంజిను అరిసిన కొద్దీ దెయ్యాలు దూరం జరుగుతున్నాయి. లెక్కలకి ఇంజిను సప్పుడు ఎలా ఇనపడతాది సెప్పండి? ఇనపడితే మన బోర్డుకే ఇనపడాలి."

బొమ్మలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని స్కేలు పెట్టి కొలిచాను. ఆయన చెప్పింది నిజం. ఇంజిను వేగం, దెయ్యాల దూరం రెండూ కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం వణుకు బల్ల దగ్గరికి వెళ్ళాం. ఈసారి తీగలు లాగాం, కరెంటిచ్చాం, కంప్యూటరు పెట్టాం. పూట పని అనుకున్నది గంటన్నరలో అయిపోయింది. కుదపకముందు తెర మీద గడియారం సంకేతం ఒక్కటే సన్నని గీత. బల్ల వణకడం మొదలవగానే ఆ గీతకి అటొకటి, ఇటొకటి పిల్లగీతలు లేచాయి. కుదుపు వేగం పెంచితే అవి దూరం జరిగాయి. తగ్గిస్తే దగ్గరికొచ్చాయి. నేను ముచ్చటపడి ఎంచుకున్న తేలిక గడియారం, ఇంజిను వణికితే తాళం తప్పుతోంది. తాళం తప్పిన చోటల్లా ఒక దొంగ ఓడ పుడుతోంది.

మేస్త్రి బల్ల ఆపేశాడు. ఆ రోజు తను అడిగాడనీ, నేను వద్దన్నాననీ ఆయనకి గుర్తుంది. ఆ మాట ఎత్తలేదు. "ఏటి సేద్దాం అమ్మా?" అన్నాడు, అంతే.

ఆ శని, ఆదివారాలు నాకు చాలా పొడుగ్గా గడిచాయి. ఎవరికీ తెలియకుండా సర్దేసే దారి ఒకటుంది. గడియారం మార్చేసి, "చిన్న మార్పులు చేశాం, లెక్కలు కూడా సవరించాం, మొత్తానికి కుదిరింది" అని చెప్పొచ్చు. లెక్కల ఇంజినీరు బదిలీ ఉత్తర్వు కూడా ఆగిపోతుంది. ఎవరికీ నష్టం లేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకోబోయాను. ఆదివారం చర్చిలో నిలబడి పాట పాడుతున్నాను, నోరు పాడుతోంది గాని బుర్రలో ఒకటే తిరుగుతోంది. రెండు నెలలుగా ఆ మనిషి తన తెలివిని తనే అనుమానించుకుంటున్నాడు. మార్పులతో కుదిరిందని చెబితే జీవితమంతా అలాగే అనుమానించుకుంటాడు, తన లెక్క తప్పే కాబోలు అని. పనిలో మొదటి అడుగులు వేసేవాడికి అంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

సోమవారం తొమ్మిదింటికే పెద్దసారు గదిలో నిలబడ్డాను. చెప్పాను. బొమ్మలు పరిచాను, వణుకు బల్ల మీద తీసిన గీతలు చూపించాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఫారం మీద పాస్ అని ఉంది కదమ్మా?"

"అది నేను రాసిందే సార్. కరెంటు ఇవ్వకుండా కుదిపి రాశాను."

కళ్ళజోడు తీశారు. తుడవలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "అతన్ని నలుగురిలో అన్నాం," అన్నారు కాసేపటికి. "నేనూ అన్నాను. నువ్వు నా ఒక్కడికే చెబితే సరిపోదు."

పదిన్నరకి అందరినీ పిలిచారు. అదే గది, అవే కుర్చీలు. నిలబడి చెప్పాను. ఎలా చెప్పానో పూర్తిగా గుర్తులేదు గాని, "లెక్క మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది" అన్న మాట మాత్రం అతని వైపు తిరిగి చెప్పాను. లెక్కల ఇంజినీరు తల ఎత్తి నావైపు చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. నిద్రలోంచి లేచినవాడిలా చూశాడు. తర్వాత లేచి, తలుపు నెమ్మదిగా తెరుచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మళ్ళీ కనబడలేదు.

పెద్దసారు ఢిల్లీకి ఫోన్ చేసి ఇంకొక్క అవకాశం అడిగారు. నెలరోజులిచ్చారు. అప్పుడూ కుదరకపోతే పని మూసేయడమే.

బరువైన గడియారం తెప్పించడానికి ఆ నెల చాలదు. ఉన్నదాన్నే వణుకు తగలకుండా కాపాడుకోవాలి. ఆ దారి కూడా మేస్త్రి దగ్గరే దొరికింది.

"మా అన్న పడవలో వైర్‌లెస్ సెట్టు ఇలాగే గరగరలాడేది అమ్మా, మోటారు ఏసినప్పుడల్లా. నాను సైకిల్ ట్యూబు ముక్కలు కోసి నాలుగేపులా కట్టి యేలాడగట్టీసినాను. మరి ఇప్పటిదాకా పేచీ నేదు. దీన్నీ అలా యేలాడగడదామా?"

గడియారాన్ని బోర్డు మీంచి తీసి, చిన్న రేకు చట్రంలో పెట్టి, నాలుగు మూలలా రబ్బరు పట్టీలతో వేలాడదీశాం. వణుకు బల్ల మీద పెడితే పిల్లగీతలు తగ్గాయి గాని పోలేదు. పట్టీలు మార్చాం, సన్నగా కోశాం. కొంచెం మారేది, మళ్ళీ మొండికేసేది. వారం అలా గడిచింది.

ఒక పొద్దున్న వెనకనుంచి ఎవరో అన్నారు, "అలా గుడ్డిగా కోస్తే కుదరదు."

లెక్కల ఇంజినీరు. చేతిలో బస్సు టికెట్టు. నావైపు చూడకుండా బల్ల మీద పెట్టాడు. వెనక పెన్సిలుతో రెండు వరసల లెక్క.

"ఈ చట్రం తనంతట తాను ఊగే వేగం ఇంజిను వేగం కంటే చాలా తక్కువ ఉండాలి. అప్పుడే ఇంజిను వణుకు గడియారం దాకా పోదు. రబ్బరు మెత్తగా ఉంటే సరిపోదు. చట్రం బరువు పెరగాలి."

"ఎంత పెరగాలి?" అన్నాను.

చెప్పాడు. మేస్త్రి నవ్వేశాడు. "బరువే కదా? రేపు తెత్తాను."

మర్నాడు రుమాలు మూట విప్పితే వలకి కట్టే సీసం గుళ్ళు. సుత్తితో పలచగా కొట్టి చట్రానికి నాలుగువైపులా అతికాడు. తేలిగ్గా ఉందని నేను ఎంచుకున్న గడియారానికి చివరికి సీసం కట్టాం. అది చూసి పెద్దసారు కూడా పెదవి బిగబట్టారు, నవ్వు రాకుండా.

కరెంటిచ్చి కుదిపాం. తెర మీద ఒకటే గీత. వేగం పెంచాం. ఒకటే గీత. పూర్తిగా తగ్గించాం. ఒకటే. ఈసారి ఫారం మీద సంతకానికి ముందు ఎలా పరీక్షించామో ఆరు వరుసలు రాశాను. కింద మేస్త్రిని, లెక్కల ఇంజినీరుని కూడా సంతకాలు పెట్టమన్నాను. ఇద్దరూ పెట్టారు. అతను వెంటనే తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండో ప్రదర్శన రోజు పొద్దున్న ముసురు పట్టి ఉంది. సముద్రం బూడిదరంగులో ఉంది, ఒడ్డు నుంచి చూస్తే ఓడలు మసకమసకగా కనిపిస్తున్నాయి. ఈసారి ఎవరూ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టక్కర్లేకుండా, పైనుంచి చూసి చెప్పడానికి ఒక మనిషిని యారాడ కొండ మీదికి పంపాలనుకున్నాం. బైనాక్యులర్లు, వాకీటాకీ ఇచ్చి. ఎవరు వెళ్తారంటే లెక్కల ఇంజినీరు చెయ్యెత్తాడు. తెర దగ్గర ఉండాలని అతనికి లేదని నాకు అర్థమైంది.

అదే పెద్దాయన వచ్చారు. అదే కుర్చీలో కూర్చున్నారు. విమానం లేచింది. మేస్త్రి టెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. గీత గీతగా బొమ్మ దిగడం మొదలైంది.

మొదటి ఓడ. ఒక్కటే. పక్కన నీళ్ళు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. నేను ఊపిరి తీసుకున్నాను. రెండో ఓడ. ఒక్కటే. పెద్దసారు ముందుకి వంగారు. మూడో ఓడ తేలింది. దాని కుడిపక్కన ఒక చిన్న పాలిపోయిన మచ్చ.

"అదిగో, ఒకటి మిగిలిందే," అన్నారు పెద్దాయన.

దెయ్యాలు రెండు వైపులా వస్తాయి, ఇది ఒక్క వైపే ఉంది. కానీ రెండోది నీళ్ళలో కలిసిపోయి ఉండొచ్చు కదా? నాకు తెలియదు. పెద్దసారు నావైపు చూశారు. మూడు నెలల కిందట ఇలా చూసినప్పుడే కదా ఆ వాక్యం అన్నాను.

"నాకు తెలియదు సార్," అన్నాను. "కొండ మీద అడుగుదాం."

వాకీటాకీ తీసుకుని, "నీకు ఎన్ని కనిపిస్తున్నాయి?" అని అడిగాను. మా తెర మీద ఏముందో చెప్పలేదు. కాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. ఈ మనిషి నాకు ఋణపడి లేడు. ఓడలు మాత్రమే లెక్కపెట్టి ఊరుకుంటే చాలు, ఆ మచ్చ దెయ్యమే అవుతుంది, నా పని అయిపోతుంది.

"ఓడలు మూడు మేడమ్," అని వినిపించింది. తర్వాత ఆగాడు. "ఉండండి. దక్షిణం వైపు చివరి ఓడ పక్కన ఇంకోటేదో ఉంది. పొగమంచు... ఒక్క నిమిషం."

నేను వాకీటాకీ శబ్దం పెంచాను.

"పడవ. చిన్న వేట పడవ మేడమ్. ఇద్దరో ముగ్గురో మనుషులున్నారు. వల లాగుతున్నారు. ఓడకి కుడిపక్కన."

పెద్దాయన లేచి తెర దగ్గరికి వచ్చారు. ఆ మచ్చ మీద వేలు పెట్టి, "ఈ చిన్న పడవా?" అన్నారు. మళ్ళీ సముద్రం వైపు చూశారు. ఒడ్డు నుంచి, ఆ ముసురులో, ఎవరికీ ఆ పడవ కనిపించడం లేదు. ఓడలు కనిపిస్తే చాలని మేం కట్టిన యంత్రం, మేం ఎవరమూ అడగని పడవని చూపించింది. "ఇంకోసారి అటు తిప్పగలరా?" అన్నారాయన. తిప్పాం. మచ్చ కొంచెం జరిగి మళ్ళీ కనిపించింది.

మేస్త్రి స్తంభం వదిలి తెర దగ్గరికొచ్చాడు. పెద్దలున్నారన్న సంగతి మరిచిపోయాడు. ఆ మచ్చనే చూస్తూ, "మావోళ్ళు కనపడతారన్నమాట," అన్నాడు మెల్లగా. "మబ్బట్టినా కనపడతారు. తుపానుకి పడవ రాకపోతే ఎటేపు ఎతకాలో తెలీక ఒడ్డునే కూకునేవోళ్ళం అమ్మా. ఎటేపు ఎళ్ళాలో తెలుత్తాదన్నమాట."

ఆ మాట తర్వాత పెద్దాయన హాస్యమాడలేదు. మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, ఆ గడియారం చట్రం ఎలా కట్టారో చూపించమన్నారు. సీసం గుళ్ళ దగ్గర మాత్రం ఆగి, ఇవి నిజంగా వలవేనా అని రెండుసార్లు అడిగారు. పని మూతపడలేదు. అంచెలంచెలుగా పెద్ద చేతుల్లోకి వెళ్ళింది. మా బోర్డు తర్వాత వచ్చినవి ఎక్కడెక్కడ ఎగిరాయో చెప్పడం వాటిని చేసినవాళ్ళ వంతు.

కొండ మీంచి అతను దిగొచ్చేసరికి మేం సామాను సర్దుతున్నాం. బైనాక్యులర్లు నా చేతికిచ్చాడు. "చాలా థాంక్స్," అన్నాను. "ఆ రోజు మీటింగులో నేనన్న మాటకి..."

"మేడమ్," అని ఆపాడు. మెల్లగా మాట్లాడాడు గాని మెత్తగా మాట్లాడలేదు. "ఆ రెండు నెలలూ నాకు అన్నం సయించలేదు. మా అమ్మ గుడికి మొక్కుకుంది, నాకు బుర్ర పని చెయ్యాలని. మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది. కానీ అది నేను మర్చిపోలేను."

"మర్చిపోవద్దు," అన్నాను. ఇద్దరం కలిసి టెంటు తాళ్ళు విప్పాం.

క్షమించానని అతను ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు. కలిసి పని చేశాం, అంతే. క్యాంటీన్లో నేను వెళ్ళి అతని బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మొదట్లో ఇద్దరం మౌనంగా తినేవాళ్ళం. తర్వాత పని మాటలు. తర్వాత బస్సుల మీద తిట్లు. ఎప్పుడు మొదలైందో గాని, ఒకనాటికి మేడమ్ పోయి అక్కా వచ్చింది.

ఏడాది తర్వాత సంగతి. విమానం మలుపు తిరిగేటప్పుడు కూడా బొమ్మ చెదరకుండా చేసే పనిలో ఉన్నాం. ఆ రోజు వచ్చిన బొమ్మలో తీరమంతా వంకర అద్దంలో చూసినట్టు మెలి తిరిగిపోయింది. నాకు వెంటనే పాత భయం. మళ్ళీ నాదే ఏదో అయ్యుంటుందని స్క్రూడ్రైవర్ తీసుకుని బోర్డు మూత విప్పడం మొదలుపెట్టాను. రెండో స్క్రూ దగ్గరుండగా అతను తన బల్ల మీంచి లేచి గబగబా వచ్చాడు. గదిలో పెద్దసారు ఉన్నారు, కొత్తగా చేరిన ఇద్దరు ఇంజినీర్లు ఉన్నారు. అందరికీ వినిపించేంత గట్టిగానే అన్నాడు.

"అక్కా, విప్పకు. బోర్డు కాదు. ఈసారి తప్పు నాదే. ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెట్టీసినాను."

పెద్దసారు కాగితాల్లోంచి తల ఎత్తి, మళ్ళీ దించుకున్నారు. కొత్తవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక్కడ ఇలా చెప్పెయ్యొచ్చా అన్నట్టు.

నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నా పక్క కుర్చీ లాగాను.

"ఎక్కడ, చూపించు," అన్నాను.